వర్డెల్ ఊరికి నీళ్లు తోడిన మనిషి

మా ఊరు అక్కడే ఎందుకు పుట్టిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. తూర్పున నీళ్లు పట్టుకుని బయల్దేరిన ఆవిరి ఇంజను, ఎండలో ఎత్తెక్కుతూ ఇరవై రెండు మైళ్లు లాక్కొచ్చేసరికి దాని కడుపు ఎండిపోయేది. సరిగ్గా ఆ చోట రైలు కంపెనీవాళ్లు బావి తవ్వారు. మూడు వందల అడుగుల లోతున నీళ్లు పడ్డాయి. పడకపోయుంటే ఇంకో మైలు అవతల తవ్వేవాళ్లు, ఊరు అక్కడుండేది. వర్డెల్ అన్నది ఆ దారి కొలిచిన ఇంజనీరుగారి మేనత్త పేరట. ఆవిడ ఒక్కసారీ ఇటు రాలేదు. వచ్చినా చూడ్డానికేముంది? సున్నంలాంటి తెల్లమట్టి, మోకాలెత్తు ముళ్లకంపలు, దక్షిణాన బల్లలా పైన చదునుగా ఉన్న కొండ, ఏడాదికి పది నెలలు గాలి.

పట్టాలకు ఉత్తరాన కంపెనీవాళ్లు గీతలు గీసి వీధులు వేశారు. ఓక్ వీధి, ఎల్మ్ వీధి, వాల్‌నట్ వీధి. ఆ చెట్లలో ఒక్కటీ ఆ నేలలో బతకలేదు. దక్షిణాన మేముండేవాళ్లం. మా వైపు వీధులకు పేర్లు లేవు. అసలు వీధులే లేవు, ఇంటికీ ఇంటికీ నడుమ కాస్త జాగా ఉండేదంతే. పదకొండిళ్లు. అందరం మెక్సికో నుంచి సరిహద్దు దాటి వచ్చినవాళ్లం, లేదా వచ్చినవాళ్ల పిల్లలం. మగవాళ్లంతా పట్టాల గ్యాంగులో పని.

నేను 1938లో పెళ్లయి ఆ ఊరొచ్చాను. వచ్చిన మర్నాడు పొద్దున వాకిట్లో నిలబడి ఉంటే, చొక్కా చేతులు మడిచి, మగవాళ్ల ప్యాంటు వేసుకుని, మోచేతుల దాకా నల్లటి నూనె పూసుకుని ఎవరో వస్తున్నారు. భుజాన కావడి, అటొక బకెట్టు, ఇటొక బకెట్టు. దగ్గరికొచ్చాక గానీ ఆడమనిషని తెలియలేదు.

“కొత్తకోడలివా?” అంది.

“అవునండీ. లియొనోర్.”

“ఇంట్లో నీళ్లున్నాయా?”

ఆ ఊళ్లో ఎవరైనా నన్నడిగిన మొదటి మాట అదే. లేవన్నాను. ఒక బకెట్టు నా గుమ్మం ముందు దించి, రెండోదాన్ని చేత్తో మోసుకుంటూ పక్కింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడే ఎపిఫానియా ఒలివాస్. అప్పటికి ఆవిడకు నలభై దాటి ఉంటాయి. నేను మొదటిరోజు నుంచే అక్కా అన్నాను.

పంపుమనిషి ఉద్యోగం నిజానికి ఆవిడ భర్త బల్దొమేరోది. 1922 నుంచీ చేస్తున్నాడు. బావి మీద పంపు, పంపు తిప్పే నూనె ఇంజను, పక్కనే స్తంభాల మీద ఇంత పెద్ద కొయ్య ట్యాంకు. రోజుకు పధ్నాలుగు రైలుబండ్లు ఆగి నీళ్లు తాగేవి. 1934లో ట్యాంకు నిచ్చెన మీద నుంచి పడి ఆయన తుంటి ఎముక విరిగింది. కంపెనీ రెండు వారాలు గడువిచ్చింది. ఆలోగా లేచి రాకపోతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు కంపెనీవాళ్ల ఆ ఇల్లూ పోతుంది. రెండు వారాల్లో తుంటి అతుక్కుంటుందా? మూడోవారం మొదటిరోజు ఎపిఫానియా ఆయన ప్యాంటు తొడుక్కుని వెళ్లి ఇంజను నడిపింది. అంతకుముందే అన్నం డబ్బా పట్టుకెళ్లినప్పుడల్లా కూర్చుని చూసేదట. ఆయన తుంటి అతుకు వంకరగా పడింది. ఆ తర్వాత ఆయన నిచ్చెన ఎక్కలేదు. ఆవిడ ప్యాంటు విప్పలేదు.

స్టేషన్ మాస్టరు ఎమ్మెట్ స్ట్రౌడ్‌కి ఇదంతా తెలుసు. సన్నటి మనిషి, ఎప్పుడూ కడుపునొప్పి. ఆడవాళ్లను ఆ పనిలో పెట్టుకోవడం కంపెనీ రూల్లో లేదు. ఆయన రోజూ పంపే కాగితంలో ‘బి. ఒలివాస్, హాజరు’ అని రాసి ఊరుకునేవాడు. మూడు నెలలకోసారి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తీగ మీద కబురు రాగానే తన మనిషిని పరిగెత్తించేవాడు. అప్పుడు మా ఆయనా ఇంకొకడూ కలిసి బల్దొమేరోని కుర్చీతో సహా మోసుకెళ్లి పంపుగదిలో కూర్చోబెట్టి చేతిలో పానా పెట్టేవాళ్లు.

ఒకసారి ఇన్‌స్పెక్టరు అంతా చూసి, బయటికొస్తూ ఆగాడట.

“ఏం బల్దొమేరో, పంపు దగ్గర పనిచేసేవాడివి, నీ బూట్లు ఇంత శుభ్రంగా ఎలా ఉంటాయి?”

“మా ఆవిడ తుడుస్తుందండి.”

అన్నం డబ్బాతో గుమ్మంలో నిలబడ్డ ఎపిఫానియా కాళ్ల వైపు ఆయన చూశాడు. బూట్లకు మడమల దాకా బురద.

“తనవి తుడుచుకోవడానికి తీరిక లేనట్టుందే,” అన్నాడు. ఇంజను బాగా ఉంచుతున్నారని రాసి వెళ్లిపోయాడు. మంచివాడే.

ఆ పనేమిటో చూస్తేగానీ తెలియదు. తెల్లారి నాలుగింటికి లేచి బ్లోలాంపు మంటతో ఇంజను తల ఎర్రబడేదాకా కాల్చాలి. మనిషెత్తు చక్రాన్ని చేత్తో వెనక్కి ఊపి వదలాలి. ఇంజను అందుకుంటే సరే, లేకపోతే చక్రం చెయ్యి లాగేస్తుంది. ఆ బావి నీళ్లు ఉప్పగా, చవుడుగా ఉండేవి, అలాగే పోస్తే ఇంజన్ల లోపల చవుడు పేరుకుంటుందని సున్నం, సోడా బస్తాలు విప్పి కలపాలి. ఆ సున్నానికి ఆవిడ వేళ్లు పగిలి నెర్రెలిచ్చాయి. పంది కొవ్వు పూసుకునేది. యుద్ధం రోజుల్లో బండ్లు రోజుకు ముప్పై దాటాయి. ఒక్కొక్కటీ ఎనిమిది వేల గ్యాలన్లు మింగేది. ట్యాంకు నిండినట్టే నిండి ఖాళీ అయ్యేది. ఆ నాలుగేళ్లూ ఆవిడ కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. చేతిలో రొట్టె చుట్టుకుని నడుస్తూ తినేది. ఆ ఇంజను చప్పుడుకు చెవులూ మందగించాయి. మనం ఒకటి చెబితే ఆవిడ ఇంకోదానికి జవాబిచ్చేది.

ఇన్ని నీళ్లు తోడే మనిషి ఇంటికి కావడి ఎందుకు మోసిందంటే, ట్యాంకు నుంచి పైపు ఉత్తరానికే వెళ్లింది. 1926లో ఊరివాళ్లు కంపెనీని అడిగి వేయించుకున్నారు. ఓక్ వీధిలో వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్లు. మా వైపు, ఇంజన్లు నీళ్లు పట్టుకున్నప్పుడు కింద ఒలికిన నీళ్లు చేరే గుంట ఒకటుండేది, చుట్టూ చెక్కలు కొట్టి. దాంట్లో ముంచుకోవాలి. పైన నూనె తేలేది. పంపుగది ఆవరణలోకి పనివాళ్లు తప్ప ఎవరూ రాకూడదు గనక, బావి నీళ్లు ఎపిఫానియా తన రెండు బకెట్లే తెచ్చుకోగలిగేది.

1941 జూలైలో నా ఏడునెలల కొడుక్కి విరేచనాలు పట్టుకున్నాయి. మూడోరోజు పోయాడు. ఆ ఎండాకాలం మా వైపు ముగ్గురు పసివాళ్లు పోయారు. దాని గురించి ఎక్కువ రాయలేను. ఎపిఫానియా వచ్చి నా పక్కన గోడకానుకుని కూర్చుంది. మర్నాటి నుంచి ఆవిడ తెచ్చే రెండు బకెట్లలో ఒకటి నా గుమ్మంలో ఉండేది. “కాచి తాగు,” అనేది, రోజూ అదే మాట.

ఆ నెలలోనే ఆవిడ స్ట్రౌడ్ దగ్గరికి వెళ్లింది. మా వైపు కూడా ఒక పైపు వెయ్యమని కంపెనీకి రాయమంది. ఆయన రాశాడు కూడా. రైల్వే పనికి అది అవసరం లేదని జవాబొచ్చింది. ఆయనే ఆ కాగితం పట్టుకుని మా వైపుకొచ్చి చదివి వినిపించాడు.

“నేను చెయ్యగలిగింది చేశాను ఫ్యానీ,” అన్నాడు. ఉత్తరంవైపు వాళ్లందరికీ ఆవిడ ఫ్యానీయే. ఎపిఫానియా అని నోరు తిరిగేది కాదో, తిప్పే ఓపిక లేదో.

“మీరేం చేస్తారు లెండి,” అని ఆవిడ మళ్లీ పనిలోకి వెళ్లింది.

1949లో మొదటి డీజిల్ ఇంజను వచ్చింది. వస్తుందని తెలిసి బల్దొమేరో కుర్చీ వాకిట్లో వేయించుకున్నాడు. ఎర్రగా, కొత్తగా, వంద డబ్బాలు లాక్కుంటూ వచ్చి, కూత వేసి, వేగం తగ్గించకుండా వెళ్లిపోయింది. ఆయన ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

“ఆగలేదేం?” అన్నాడు.

“దానికి దాహం వెయ్యదటయ్యా,” అన్నాడు మా ఆయన.

“దాహం వెయ్యనిది ఈ ఊళ్లో ఎందుకాగుతుంది?”

మాకందరికీ ఆ క్షణంలోనే అర్థమైంది.

రెండేళ్లకు బల్దొమేరో చలికాలంలో ఊపిరాడక పోయాడు. ఆ సంగతి స్ట్రౌడ్ కంపెనీకి రాయలేదు. ‘బి. ఒలివాస్, హాజరు’ అనే రాస్తూ పోయాడు. రాస్తే ఆవిడకు పనీ ఉండదు, ఇల్లూ ఉండదు. ఆవిరి బండ్లు తగ్గిపోయాక ఇన్‌స్పెక్టరు రావడం కూడా మానేశాడు. అలా చచ్చిపోయిన మనిషి ఇంకో రెండేళ్లు ఉద్యోగం చేశాడు. 1953 ఆగస్టులో ఉత్తరమొచ్చింది. నీటి స్టేషను ఎత్తేస్తున్నాం, ముప్పైయ్యొక్క ఏళ్లు నమ్మకంగా పనిచేసినందుకు శ్రీ బల్దొమేరో ఒలివాస్‌కి కృతజ్ఞతలు అని. ఎపిఫానియా మా ఇంటికొచ్చి నాచేత చదివించుకుంది. రెండుసార్లు గట్టిగా చదివాను.

“ఆయనుంటే చాలా మురిసిపోయేవాడు,” అంది. “ఇల్లు ఖాళీ చెయ్యమన్నారా?”

“దాని గురించి ఏం రాయలేదక్కా.”

“అయితే పడుకుంటా.”

పొద్దున్న పదింటికి వెళ్లి పడుకుంది. ఆ రోజంతా లేవలేదు. మర్నాడూ మధ్యాహ్నం దాకా లేవలేదు. భయమేసి వెళ్లి చూశాను. కళ్లు తెరిచే ఉంది. “వేళ్లల్లో చక్రం ఇంకా తిరుగుతున్నట్టే ఉందే,” అంది.

బావి, ఇంజను, ట్యాంకు, పంపుమనిషి ఇల్లు అన్నీ కంపెనీవాళ్లు ఊరికి వదిలేశారు. ఊరంటే నీటి కమిటీ, కమిటీ అంటే క్లైడ్ టటమ్. ఎల్మ్ వీధి మొగలో ఆయనది సరుకుల కొట్టు. జిల్లా పట్టణం నుంచి ఒకతన్ని పిలిపించారు. కారు ఇంజన్లు బాగుచేసేవాడు. మొదటిరోజే చక్రం ఎదురు తిరిగి అతని బొటనవేలు విరిగింది. వెళ్లిపోయాడు. నాలుగోరోజుకు ట్యాంకులో అడుగు నీళ్లు మిగిలాయి. ఆగస్టు ఎండ.

ఆ మధ్యాహ్నం నేను వాకిట్లో చిక్కుడు గింజలు ఏరుతున్నాను. టటమ్ పట్టాలు దాటి నడిచొస్తున్నాడు. వెనక కమిటీవాళ్లు ఇద్దరు. పదిహేనేళ్లలో ఆయన మా వైపు నడిచి రావడం నేను చూడ్డం అదే మొదలు. ఏ ఇల్లో తెలియక నన్నడిగాడు.

“మిసెస్ ఒలివాస్ ఇల్లేదమ్మా?”

నాకొక్క క్షణం ఎవరి గురించి అడుగుతున్నాడో తట్టలేదు. చూపించాను. ఎపిఫానియా జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలోకొచ్చింది. ఆవిడకు వినబడదని నేనూ వెళ్లి పక్కన నిలబడి, ఆయన అన్నది మళ్లీ గట్టిగా చెప్పాను.

“మీకు తెలిసే ఉంటుంది, నీళ్లకు ఇబ్బందిగా ఉంది,” అన్నాడాయన టోపీ తీసి. “ఆ ఇంజను ఇంకెవరి మాటా వినట్లేదు. కంపెనీ ఇచ్చిన జీతం మేమూ ఇస్తాం. ఈ ఇంట్లోనే ఉండండి.”

“ఉత్తరాన పిల్లలున్న ఇళ్లెన్ని?” అని అడిగింది.

ఆయన తడబడ్డాడు. “ఇరవై… ఇరవై పైనే.”

“ఇటు తొమ్మిది.”

“అవునవును.”

“మా వైపు పైపు వెయ్యండి, నడుపుతాను.”

టటమ్ వెనక్కి తిరిగి మిగతావాళ్ల వైపు చూశాడు. “న్యాయమే మిసెస్ ఒలివాస్. కాకపోతే పట్టాల కింద నుంచి తవ్వాలి. కంపెనీ ఒప్పుకోవాలి. ఇనప పైపు తెప్పించాలి. కమిటీ కూర్చుని ఆలోచించి…”

నేను అంతా చెప్పాను. ఆవిడ తలుపు అంచు పట్టుకుని విన్నది. కోపంగా ఏం లేదు. ఎవరో ఇంకో సున్నం బస్తా తెచ్చి దించితే చూసినట్టు చూసింది.

“ఆలోచించండి. తొందరేం లేదు. నాకు నిద్రొస్తోంది,” అని లోపలికెళ్లింది.

వాళ్లు పట్టాలు దాటేదాకా చూసి నేను లోపలికెళ్లాను. మంచం మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది.

“ఎక్కడికక్కా? వాళ్లు ఒప్పుకోలేదుగా?”

“అడుగు నీళ్లంటే రేపటికి బురదొస్తుంది పిల్లా. పసివాళ్లు తాగుతారు.”

“మన పసివాళ్లు తాగలేదా?” అన్నాను. పన్నెండేళ్లుగా నోట్లో ఉన్న మాట, అప్పుడు వచ్చేసింది.

ఆవిడకు వినబడింది. లేసు కట్టడం ఆపి నా వైపు చూసింది. “తాగారు. అందుకే వెళ్తున్నా,” అంది. మళ్లీ లేసు ముడేస్తూ, “పొద్దున పూటే నడుపుతా. సాయంత్రం నడపను. వాళ్లకూ కాస్త మోయడం తెలియాలి,” అంది.

అన్నట్టే చేసింది. తెల్లారి నుంచి మధ్యాహ్నం దాకా ఇంజను నడిచేది, తర్వాత ఆగేది. ఉత్తరంవైపు సాయంత్రమయ్యేసరికి కుళాయిలు బుస్సుమనేవి. ఓక్ వీధి ఆడవాళ్లు పొద్దున్నే టబ్బులు, సీసాలు, కూజాలు నింపి పెట్టుకోవడం మొదలుపెట్టారు. బట్టలు ఉతికేరోజు నీళ్లు చాలక కొట్లాటలు. టటమ్ కొట్టుకు వెళ్లిన ప్రతి ఆడమనిషీ సరుకు కన్నా ముందు పైపు సంగతి అడిగేదట. టటమ్ భార్య మూడు రోజులు ఆయనకు వేడినీళ్లు పెట్టలేదని మా వైపు చెప్పుకుని నవ్వుకున్నాం. నిజమో కాదో తెలియదు.

ఆరో వారంలో పైపు వచ్చింది. కంపెనీ అనుమతి స్ట్రౌడ్ తెప్పించాడు. ఈసారి ఎలా ఒప్పుకున్నారో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. పట్టాల కింద తవ్వింది మా మగవాళ్లే, బండికీ బండికీ మధ్య దొరికిన సందులో. ఆ తెల్లరాయిని తవ్వడం వాళ్లకు కొత్త కాదు. పదకొండిళ్లకు మూడు కుళాయిలు. అందులో ఒకటి నా ఇంటి మూలకే పడింది.

కుళాయి తిప్పిన రోజు అందరూ చేరారు. ముందు గాలి దగ్గింది. తర్వాత తుప్పునీళ్లు ఎర్రగా పడ్డాయి, ఎవరో ఏడుపు మొదలెట్టారు. అర్ధగంటకు తేటపడ్డాయి. జనం బకెట్లు పట్టుకుని తోసుకుంటున్నారు. ఎపిఫానియా లేదు. ఉండదు కదా, ఇంజను దగ్గర ఎవరో ఒకరుండాలి. నేనొక గ్లాసుడు పట్టుకుని, ఒలక్కుండా చెయ్యి అడ్డం పెట్టుకుని పావుమైలు నడిచి పంపుగదికి వెళ్లాను.

“ఇదుగో అక్కా, మన కుళాయివి!”

ఆవిడ చేతులు గుడ్డకు తుడుచుకుని, గ్లాసందుకుని, పంపు వైపు చూసి, నా వైపు చూసింది.

“ఇక్కడివేగా ఇవి,” అంది. అయినా మొత్తం తాగింది. ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు కూడా ఇంజను నడిపింది.

ఇంకో ఆరేళ్లు నడిపింది. 1959లో కరెంటు మోటారు పెట్టారు. మీట నొక్కితే చాలు, మనిషక్కర్లేదు. అప్పటికే పెద్దరోడ్డు ఊరికి నాలుగు మైళ్లు ఉత్తరంగా పడింది. టటమ్ కొట్టు ఆ రోడ్డు మీదికి పోయింది. స్టేషను మూతపడింది. స్ట్రౌడ్ని ఎక్కడికో మార్చారు. పోయేముందు ఎపిఫానియా ఇంటికొచ్చి ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదట. ఆవిడకు వినబడదు, ఆయనకు చెప్పడం రాదు. ఓక్ వీధిలో కొయ్య ఇళ్లను చక్రాల బండ్ల మీదికెక్కించి లాక్కుపోయారు. మా వైపూ ఒక్కొక్కరే కదిలారు. గ్యాంగులు తగ్గించేశాక మా ఆయనకూ పని లేదు. మేమూ జిల్లా పట్టణానికి వెళ్లిపోయాం. నా మూల కుళాయి వదిలి వెళ్లేటప్పుడు బాధేస్తుందనుకున్నాను. ఆ పొద్దున సామాను మోసి మోసి నడుం విరిగిపోయింది, బాధ సంగతి గుర్తే రాలేదు.

ఆవిడ మాత్రం కదల్లేదు. “ఎక్కడికెళ్లినా మళ్లీ మంచం ఎక్కడ వెయ్యాలో చూసుకోవాలి,” అనేది. నేను రెండు మూడు నెలలకోసారి వెళ్లి చూసొచ్చేదాన్ని. చివరిసారి 1966 నవంబరులో వెళ్లాను. పగలే పడుకుని ఉంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. నెర్రెలు మానాయి గానీ చర్మం చెక్కలా ఉంది.

“బాగా పడుకుంటున్నావా?” అని చెవిలో అరిచాను.

“ఏడేళ్ల నుంచీ పడుకుంటూనే ఉన్నా. తీరట్లేదే పిల్లా,” అంది.

ఆ తర్వాతి మార్చిలో, గాలులప్పుడు, నిద్రలోనే పోయింది. ఫాదర్‌గారు రావడానికి రెండు రోజులు పట్టింది. మా ఆయన, ఇంకో ముగ్గురు పాత గ్యాంగువాళ్లు గొయ్యి తవ్వారు. గునపం ముక్కు విరిగింది, ఇంకొకటి తెప్పించారు. ఒకప్పటి ఉత్తరంవైపు వాళ్లలో టటమ్ భార్య ఒక్కతే వచ్చింది. గాలికి టోపీ ఎగిరిపోకుండా రెండు చేతులా పట్టుకుని చివరిదాకా నిలబడింది. శిలువ మీద ఏ పేరు చెక్కాలని ఫాదర్‌గారు అడిగితే, నేను ఎపిఫానియా అని పూర్తిగా, ఒక్కొక్క అక్షరం చెప్పి రాయించాను. పుట్టిన సంవత్సరం మాలో ఎవరికీ తెలియలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేశాం.